మూడు తరగతులు ఒకే గదిలో: లొల్లి ఎట్ల ఆపాలె?

ప్రశ్న (కొత్త ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచర్, నల్లగొండ జిల్లా):
అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో (టీచర్ ఉద్యోగాల పరీక్ష) ఎస్జీటీగా వచ్చాను. దేవరకొండ డివిజన్‌లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఇద్దరం టీచర్లం. 1, 2, 3 తరగతులు నావి, మూడూ ఒకే గదిలో. హెడ్మాస్టర్ సార్ మీటింగుకు పోయిన రోజు నాలుగు, ఐదు కూడా నా దగ్గరికే. డీఎడ్ (టీచర్ ట్రైనింగ్)లో పాఠం ఎట్ల చెప్పాలో నేర్పిండ్రు గానీ ఇంతమందిని ఒక్కసారి కూసోబెట్టుడు ఎవరూ చెప్పలే. మూడో తరగతికి తీసివేతలు చెప్తుంటే ఒకటో తరగతి బెంచీల కిందికి దూరుతది. రెండో తరగతిల ఎవరో ఒకరు "టీచర్, వీడు నా బలపం గుంజుకుండు" అని లేస్తరు. నేను అరుస్త. రెండు నిమిషాలు ఊకుంటరు, మళ్ల మొదలు. పొద్దుమూకేసరికి గొంతు పోతున్నది. అన్నం టైముకు నల్లా కాడ తొక్కులాట, గుడ్డు పెట్టే రోజైతే చెప్పనే వద్దు. మూడో తరగతిల ఒక బాబు అందరినీ కొడతడు. వాళ్ల నాయన వచ్చి "రెండు వేయుండ్రి టీచర్, దెబ్బ పడితేనే వింటడు" అని చెప్పిపోయిండు. నాకు కొట్టుడు ఇష్టం లేదు. ఏం చేయాలె?

జవాబు (ఒక సార్, నాగర్‌కర్నూల్):
కొట్టకున్నా సరే మేడం, కట్టె ఒకటి బల్ల మీద ఉండనీయండి. చూస్తేనే భయముంటది.

జవాబు (సీనియర్ ఎస్జీటీ, నారాయణపేట):
ముందు కట్టె సంగతి తేల్చుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టుడే కాదు, మాటలతోని మనసు నొప్పిచ్చుడు కూడా వద్దంటది. చట్టం పక్కకు పెట్టినా, కట్టె భయం మన చూపు పోయినంత దూరమే పోతది. మీరు మూడో తరగతి బోర్డు దిక్కు తిరుగుతరు, ఒకటో తరగతికి మీ ఈపు కనపడతది. ఇగ కట్టె ఎవరిని చూస్తది?

అమ్మా, రేపు ఒక పని చేయి. లొల్లి ఎప్పుడు లేస్తున్నదో చూడు, ఎవరు చేస్తున్నరో తర్వాత చూద్దాం. నా అనుభవంల అది పాఠం నడుమ లేవదు. మనం రెండో తరగతి ఇడిచి మూడో తరగతికి పోయేటప్పుడు, రాసుడు అయిపోయి చేతుల పని లేనప్పుడు, పుస్తకాలు తీసేటప్పుడు పెట్టేటప్పుడు లేస్తది. ఆ సందులు మూస్తే సగం తగ్గుతది.

ప్రార్థన అయ్యి లోపలికి వచ్చేసరికే బోర్డు మీద పని ఉండాలె. మీరు హాజరు పిలిచేదాక పిల్లలు అది చేసుకుంట కూసుంటరు. మూడో తరగతికి నాలుగు లెక్కలు, రెండో తరగతికి చూసి రాసేటందుకు అయిదు మాటలు చాలు. ఒకటో తరగతికి బోర్డు పనికిరాదు, చదవనే రాదు కదా. వాళ్లకు డబ్బాల చింతగింజలు పెట్టి పదేసి కుప్పలు పోయమని ఇయ్యి. పది నిమిషాలు మన జోలికి రారు. (ముక్కుల పెట్టుకునేటోడు ఒక్కడుంటడు. వాణ్ని నీ దగ్గరనే కూసోబెట్టుకో.)

మూడు తరగతులకు పని ఇచ్చే వరుస కూడా ఉన్నది. చిన్నోళ్లు ఆగలేరు, ముందు ఒకటికి ఇయ్యాలె. తర్వాత రెండుకు. ఆఖరికి మూడు కాడ నిలబడి పాఠం చెప్పాలె. మనకు పెద్ద తరగతి సిలబస్ తొందర ఉంటది కాబట్టి తలకిందులు చేస్తం, ఇంతల చిన్నోళ్లు బెంచీల కింద ఉంటరు. మనల్ని అడగకుండ చేసుకునే పనే ఇయ్యాలె. "టీచర్, ఇది ఎట్ల?" అని మూడుసార్లు వచ్చిండ్రంటే పని కష్టమైనట్టు, మార్చాలె.

గొంతు ఇగ లేపకు. మనం అరిచినకొద్ది వాళ్లు దాని మీదికెళ్లి మాట్లాడుతరు. నేను మూడు చప్పట్లు కొడత, పిల్లలు రెండు కొట్టి చేతులు కట్టుకుంటరు. ఇది చెప్తే రాదు, ఆటలెక్క ఆడిపియ్యాలె. మొదటి వారం రోజూ కొంచెం సేపు కావాలనే లొల్లి చేయమని చెప్పి, చప్పట్లు కొట్టి ఆపుతుంటి. లైన్ కట్టుడు, నోటుబుక్కులు వెనకకెళ్లి ముందుకు అందిచ్చుడు, చెప్పులు గోడ పొంటి ఇడుసుడు అన్నీ ఇట్లనే నేర్పిన. ఎక్కాలు నేర్పినట్టే ఇవి కూడా నేర్పాలె. ఆ వారం సిలబస్ కొంత వెనకబడ్డదని ఎవరన్న అంటే అననీయి.

మాట కూడా చూసుకో. "మంచిగ కూసోండ్రి" అంటే ఆరేండ్ల పిల్లకు ఏం సమజైతది? "బలపం కింద పెట్టు" అను. పెట్టినంక "పలక ఒళ్లె పెట్టుకో" అను. ఒక్కసారి ఒక్కటే.

ఇంకొకటి. మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాయమని లీడర్‌కు అస్సలు అప్పజెప్పకు. రేగ్గాయల కాలంల మా లీడర్ జేబులు నిండి ఉంటుండె. ఎందుకని అడిగితే, పేరు రాయకుండ ఉండేటందుకు లంచమట! బోర్డు తుడుసుడు, నీళ్ల బిందె చూసుకునుడు, పుస్తకాలు పంచుడు లాంటి పనులు ఇయ్యి, వారం వారం మార్చు. ఆ కొట్టే బాబుకు లేచి తిరిగే పని ఇయ్యి. కొందరు పిల్లలకు కూసునుడే శిక్ష.

జవాబు (మేడం, తండా బడి, దేవరకొండ డివిజన్):
సార్ చెప్పినవన్నీ నిజమే. ఒకటి కలుపుతున్న. మీ బడికి తండా పిల్లలు వస్తరా? ఒకటో తరగతికి వచ్చే లంబాడ పిల్లలకు ఇంట్ల లంబాడి, బడిల తెలుగు, పుస్తకంల ఒక పక్క ఇంగ్లీషు. చెప్పిన మాట వినలేదని మనం అనుకుంటం, అసలు మాట అర్థమే అయ్యుండది. నీళ్లకు "పాణి" లాంటివి పది మాటలు మనం నేర్చుకోవాలె, మిగతా వాటికి చెయ్యి సైగలు. ఐదో తరగతి ఆడపిల్ల ఒక్కతి తోడుంటే ఇంకా నయం.

ఒంటేలుకు అడుగుడుతోనే సగం పాఠం పోతది. తలుపు కాడ రెండు మొలలకు రెండు అట్ట బిళ్లలు వేలాడదీసిన, ఒకటి ఆడపిల్లలకు, ఒకటి మగపిల్లలకు. బిళ్ల ఉంటే తీసుకొని పోవాలె, నన్ను అడిగే పని లేదు. లేకుంటే వచ్చేదాక ఆగాలె. ఒకటో తరగతి మాత్రం ఎప్పుడన్న పోవచ్చు, వాళ్లను ఆపితే గది కడుక్కోవాల్సింది మనమే.

నల్లా కాడ ముగ్గుపిండితో ఒకదాని వెనక ఒకటి గుండ్రాలు గీయండి, ఒక గుండ్రంల ఒక్కరే. ముందు ఒకటో తరగతి, ఆఖరుకు పెద్దోళ్లు. గుడ్డు రోజు "అందరికీ లెక్క ప్రకారం ఉన్నయి" అని వంట అక్కతోనే చెప్పించండి. దొరకదేమో అన్న భయంతోనే తోసుకుంటరు.

జవాబు (సార్, మహబూబ్‌నగర్ జిల్లా):
మా దిక్కు వలస పోయి వచ్చే పిల్లలుంటరు. నడుమ వచ్చినోళ్లకు మన చప్పట్లు, బిళ్లలు ఏమీ తెల్వవు. పాత పిల్లను ఒకర్ని జత చేయండి. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు అయినంక అందరికీ మళ్ల ఒకసారి ఆడిపియ్యండి, మర్చిపోయి వస్తరు.

అడిగిన టీచర్:
అందరికీ ధన్యవాదాలు. ముగ్గు గుండ్రాలు మొదటి రోజే పనిచేసినయి. చింతగింజలు కూడా. చప్పట్లు ఇంకా సగం మందికే వచ్చినయి. ఇంక రెండు మిగిలినయి. అన్నం తిన్నంక ఒక్కరూ కుదురుగా ఉండరు. చాడీలు మాత్రం తగ్గలే. ఆ బాబు సంగతి కూడా చెప్పండి సార్.

సీనియర్ ఎస్జీటీ, నారాయణపేట:
అన్నం తిన్నంక లెక్కలు పెట్టకు, పొద్దున పెట్టు. రాంగనే కథ చెప్పు లేకుంటే చదువు. మంచి పట్టుల ఆపి "మిగతాది రేపు" అను. రెండో రోజు వాళ్లే నీకన్న ముందు వచ్చి కూసుంటరు.

చాడీలు మూడు రకాలు. దెబ్బ తాకితే, రక్తమొస్తే, ఎవరన్న ఏడుస్తుంటే పాఠం ఆపి అప్పుడే చూడాలె. వస్తువు పోతే పాఠం అయినంక. "వాడు నన్ను చూసి నవ్విండు" లాంటివి ఇంటికి పోయే ముందు చెప్పమను. అప్పటికి చాలామంది మర్చిపోతరు, యాదికున్నోళ్లది నిజంగనే ఏదో ఉంటది, విను. అన్నీ కొట్టిపారేస్తే పెద్ద సంగతి కూడా చెప్పుడు మానేస్తరు.

ఆ బాబు ఎప్పుడు కొడుతున్నడో ఒక కాయితం మీద రాసుకో. లైన్ల నిలబడ్డప్పుడా, లెక్కలప్పుడా, పొద్దుగాల బువ్వ తినకుండ వచ్చిన రోజా? లెక్కలప్పుడే అయితే వానికి అవి రాక అట్ల చేస్తున్నడేమో, కిందిస్థాయి పని ఇచ్చి చూడు. వాళ్ల నాయనకు, వాడు మంచిగ ఉన్న రోజు ఫోన్ చెయ్యి. "ఇయ్యాల పుస్తకాలన్నీ మీవాడే పంచిండు" అని చెప్పు. ఫిర్యాదు కాకుండ బడి నుంచి వచ్చిన మొదటి ఫోన్ అదే అయితది. కొట్టమన్న సంగతి తర్వాత మెల్లగ మాట్లాడొచ్చు.

అడిగిన టీచర్:
సరే సార్. మార్చిల ఒంటిపూట బడులు పెడితే ఇవన్నీ మళ్ల మార్చుకోవాల్నా?

సీనియర్ ఎస్జీటీ, నారాయణపేట:
వరుస అదే ఉండనీయి, టైం జరుపు. ఎనిమిదికి మొదలు, పన్నెండున్నరకు బడి ఇడిసినంక అన్నం కాబట్టి, పదకొండు దాటితే ఆకలి, ఎండ రెండూ ఉంటయి. చదువుడు, లెక్కలు తొమ్మిదిన్నర లోపల ముగించు. కథ పదకొండుకు జరుపు. నీళ్లకు గంట కొట్టి అందరినీ ఒక్కసారే తాగిపియ్యి, లేకుంటే బిళ్ల ఖాళీగనే ఉండదు.