మార్మన్ ఫ్రెండ్‌తో సండాన్స్ ప్లాన్: వీళ్ళు నిజంగా ఏమీ కోల్పోవట్లేదా?

ఉప్పుసరస్సు:

సాల్ట్ లేక్ సిటీకి దక్షిణాన లీహైలో ఉంటాం. మా టీమ్‌లో నాకు బాగా దగ్గరైన ఒకతను మార్మన్, అంటే యూటాలో ఎక్కువగా ఉండే ఒక చర్చివాడు, వాళ్ళకి టీ, కాఫీ, మద్యం నిషేధం. ప్రొవోలోనే పుట్టి పెరిగాడు, కుర్రతనంలో మిషన్‌కి, అంటే మతప్రచారానికి, ఇటలీ వెళ్ళి రెండేళ్ళు ఉన్నాడు, ఇటాలియన్ గడగడా మాట్లాడతాడు. సినిమాలంటే పిచ్చి, ఫలానా సీన్‌లో కెమెరా ఎక్కడ పెట్టారో కూడా చెప్తాడు. అలాంటివాడు రెండేళ్ళు ఇటలీలో ఉండి ఒక్క ఎస్ప్రెస్సో తాగలేదు, గుక్కెడు వైన్ రుచి చూడలేదు, అందులో కాఫీ ఉంటుందని తిరమిసు కూడా ముట్టుకోలేదట. మిషన్‌లో ఉన్నన్నాళ్ళూ మామూలు సినిమాలు కూడా చూడకూడదట.

అసలు సంగతి ఏంటంటే, 2026 జనవరిలో పార్క్ సిటీలో సండాన్స్ సినిమా ఫెస్టివల్ ఉంది. 2027 నుంచి అది కొలరాడోలోని బౌల్డర్‌కి వెళ్ళిపోతోంది కాబట్టి యూటాలో ఇదే ఆఖరు. కలిసి వెళ్దామన్నాను, ఎగిరి గంతేశాడు. తర్వాత షరతులు మొదలయ్యాయి. ఆదివారం షోలు వద్దు, ఆర్ రేటింగ్ (మన 'ఏ' సర్టిఫికెట్ లాంటిది) సరుకు వద్దు. ఫెస్టివల్ సినిమాలకి చాలావరకు రేటింగే ఉండదు కదా మరెలా అంటే, సినాప్సిస్ చదివి చెప్తానన్నాడు, చదివి సగానికి పైగా కొట్టేశాడు.

నాకు కోపమేం లేదు, మా అమ్మ కార్తీకమాసంలో ఉల్లిపాయ మానేయడం చూస్తూ పెరిగినవాణ్ణి. కానీ అది ఒక నెల. ఇది జీవితాంతం. అడిగితే "నేనేం మిస్సవట్లేదు" అని నవ్వుతాడు. నా డౌట్ ఒక్కటే. నిజంగా ఏమీ పోవట్లేదా, లేక పోయిందేంటో తెలిసే దారే లేదా? ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్ళు, ఆ చర్చిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

వసాచ్_వాసి:

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో పక్కింటాయనకి మర్యాదగా మంచి అల్లం టీ ఇచ్చాను, పాపం ఎలా వద్దనాలో తెలియక కప్పు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను.

దీనికి మూలం "వర్డ్ ఆఫ్ విజ్డమ్" అని 1833లో ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో ఈ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కి దేవుడు చెప్పాడని వాళ్ళు నమ్మే ప్రకటన. మద్యం, పొగాకు, వేడి పానీయాలు వద్దని అందులో ఉంది. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని చర్చి పెద్దలు ఖాయం చేశారు. మొదట్లో అది సలహా మాత్రమే, అందులోనే ఆజ్ఞగా కాదని రాసుంది, 1847లో ఈ లోయకి వచ్చిన మొదటి తరం వాళ్ళలో చాలామంది కాఫీ మానలేదు కూడా. టెంపుల్‌లోకి (మామూలు ఆదివారం చర్చి కాదు, ప్రత్యేకమైన గుడి) వెళ్ళాలంటే ఒక అనుమతి పత్రం ఉండాలి, రికమెండ్ అంటారు, బిషప్, అంటే స్థానిక సంఘ పెద్ద, కూర్చోబెట్టి ప్రశ్నలడిగి ఇస్తాడు. 1920ల మొదట్లో, హీబర్ గ్రాంట్ చర్చి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ఆ పత్రానికి ఈ నియమం తప్పనిసరి చేశారు. అక్కడినుంచే అది గట్టిపడింది.

తమాషా ఏంటంటే అదే ప్రకటనలో మాంసం పొదుపుగా, వీలైతే చలికాలంలోనో కరువులోనో తినమని కూడా ఉంది. జూలైలో ఇక్కడి బార్బెక్యూలు చూస్తే ఆ లైన్ ఎవరూ చదవలేదేమో అనిపిస్తుంది :)

హాట్ చాక్లెట్ పర్లేదు, ఐస్ కాఫీ కుదరదు. తులసి టీ లాంటివి పర్లేదు, గ్రీన్ టీ కుదరదు. కోలాలో కెఫీన్ ఉన్నా తప్పు లేదని చర్చి 2012లో స్పష్టంగా చెప్పింది, అయినా చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ (బీవైయూ) క్యాంపస్‌లో కెఫీన్ ఉన్న సోడా అమ్మడం 2017లోగానీ మొదలవలేదు. కాఫీ షాపులు ఉండాల్సిన చోట సోడా షాపులు వెలిశాయి, సెయింట్ జార్జ్‌లో 2010లో మొదలైన స్విగ్ లాంటివి. కోలాలో కొబ్బరి సిరప్, క్రీమ్, నిమ్మరసం కలిపి ఇస్తారు, ఒకసారి తాగితే పళ్ళు జివ్వుమంటాయి. అంటే సరదా మానలేదు, పక్కదారిలో తెచ్చుకున్నారు. కాబట్టి మీ ఫ్రెండ్ అబద్ధం చెప్తున్నాడని నేననుకోను.

చార్మినార్_చాయ్:

నేను హైదరాబాద్‌లో కాలేజీ రోజుల్లో ఒక ఫ్రెండ్ ద్వారా ఆ చర్చిలో చేరాను, కొన్నేళ్ళు గట్టిగానే పాటించాను, ఇప్పుడు వెళ్ళట్లేదు. పగ లేదు, మంచి మనుషులు, నాకు స్టేజీ ఎక్కి మాట్లాడటం నేర్పింది వాళ్ళే. కానీ ప్రశ్న సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తా.

పోతుంది. చాయ్ రుచి గురించి కాదు నా బాధ. ఇరానీ హోటల్‌లో వన్ బై టూ చెప్పి, ఆ చిన్న కప్పు మీద గంటసేపు కూర్చుని కవిత్వం, పాలిటిక్స్, ఎవరి ప్రేమ ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు మావాళ్ళు. నేను థమ్సప్ పట్టుకుని కూర్చునేవాణ్ణి, ఎవరూ ఏమీ అనలేదు, కానీ వన్ బై టూలో రెండోవాడు కావాలి కదా, మెల్లగా నన్ను పిలవడం తగ్గింది. చుట్టాలిళ్ళల్లో ఇంకా కష్టం. మా మేనత్త ఇచ్చిన కాఫీ వద్దంటే ఆవిడకి అది మతం సంగతిలా కనిపించదు, తన ఇంట్లో చెయ్యి కడుక్కోనన్నట్టు కనిపిస్తుంది.

సినిమాల దగ్గర వేరే గొడవ. నిషేధించినవి చూడలేదు, సరే. చూడొచ్చన్నవి కూడా హాయిగా చూడలేకపోయాను. సగం మనసు ముందుకి పరిగెడుతూ ఉండేది, ఇప్పుడేం చూపిస్తాడో, తల దించుకోవాలా, లేచి వెళ్ళిపోవాలా, ఎవరైనా మనవాళ్ళు హాల్లో ఉన్నారా. అలా చూస్తే సినిమా ఎక్కుతుందా? నవల చదివినా అంతే, పేజీలో ఏముందో కంటే అది నేను చదవొచ్చా లేదా అన్నదే తలలో తిరిగేది.

ఆ ఆర్ రేటింగ్ లెక్క అమెరికాది. 1986లో ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ అనే చర్చి అధ్యక్షుడు కుర్రాళ్ళకి ఇచ్చిన ప్రసంగంలో చెప్పాడు, అది పాకి అందరికీ గీత అయిపోయింది. మన దగ్గర ఏముంది, యు/ఎ సినిమాలో ఐటెం సాంగూ ఉంటుంది, తలలు తెగడమూ ఉంటుంది, పిల్లల్ని తీసుకుని వెళ్తారు. 'ఏ' సర్టిఫికెట్ వచ్చిన దాంట్లో ఒక్కోసారి ఒక మనిషి బాధ నిజాయితీగా ఉంటుంది. నేను మొదటిది చూసి రెండోది మానేశాను. అది భక్తి అనుకున్నాను.

నిజం_చెప్తా:

కాఫీ తాగకపోతే సంస్కృతి పోతుందా ఏంటి. మా వైపు ఎస్డీఏ (సెవెంత్ డే అడ్వెంటిస్ట్ చర్చి) వాళ్ళు టీ కాఫీ ముట్టరు, చాలామంది మాంసం కూడా తినరు, శనివారం కొట్టు తియ్యరు, మనకంటే హాయిగా ఉన్నారు. పోయింది పోయింది అని బయటివాళ్ళే ఏడుస్తారు.

సికింద్రాబాద్_సిస్టర్:

నేను ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉన్నాను కాబట్టి నా మాట కూడా వినండి. ముందుగా, 2018 నుంచి మమ్మల్ని మార్మన్లు అనొద్దని అప్పటి మా చర్చి ప్రెసిడెంట్ నెల్సన్ గట్టిగానే చెప్పారు, మా సంఘానికి పూర్తి పేరుంది, కానీ ఇక్కడ అందరికీ అర్థం కావాలి కాబట్టి వదిలేస్తున్నా.

చార్మినార్ అన్నా, మీ బాధ నాకు తెలుసు, మా అమ్మమ్మ కూడా మొదట్లో నా మీద అలిగింది. కానీ మీరు ఒకవైపే చెప్పారు. మా పెద్దమ్మ వాళ్ళు పెంతెకొస్తు. పూలు పెట్టుకోరు, బంగారం వేసుకోరు, సినిమా హాలు గడప తొక్కరు, డ్యాన్స్ అంటే పాపం. మాకు చర్చి హాల్లోనే యూత్ డ్యాన్స్ పెడతారు. నేను పియానో నేర్చుకుంది చర్చిలో, డబ్బు కట్టి నేర్పించే స్తోమత మా ఇంట్లో లేదు. నాలుగు గొంతుల్లో పాట పాడటమంటే ఏంటో చిలకలగూడలో పెరిగిన పిల్లకి ఇంకెక్కడ తెలుస్తుంది? 2012లో ఇండియాలో మొట్టమొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల్ని కలిపిన విభాగం) మా హైదరాబాద్‌కే వచ్చింది, ఆ ఏడాది మేం చేసిన సాంగ్ ప్రాక్టీసులు గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

ఒక్కటి ఒప్పుకుంటా, ఆదివారం కష్టమే. మనవాళ్ళ పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు, పెద్ద మ్యాచ్‌లు అన్నీ ఆదివారమే పడతాయి. 2023 వరల్డ్ కప్ ఫైనల్ ఆదివారం. మా వార్డులో, అంటే మా స్థానిక సంఘంలో, చూసినవాళ్ళు బోలెడుమంది, నేను చూడలేదు. ఆ రిజల్ట్ తెలిశాక మాత్రం దేవుడు నన్ను కాపాడాడనిపించింది. 1995లో ఈలై హెరింగ్ అని బీవైయూలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి ఆదివారాలు ఆడాల్సి వస్తుందని ఓక్లాండ్ రైడర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు వాళ్ళని వద్దనుకుని స్కూల్లో లెక్కల టీచర్ అయ్యాడు. అతను ఏం కోల్పోయాడో అతనికి బాగా తెలుసు. తెలిసే వదిలాడు. "తెలిసే దారే లేదా" అని అడిగారు కదా, మా గురించి జాలిపడేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

బొమ్మల_బాబాయ్:

నేను చర్చి మనిషిని కాదు, మ్యూజియంలు తిరిగే రకం. ఈ చర్చిని చూస్తే నాకు రెండు తేదీలు పక్కపక్కన పెట్టాలనిపిస్తుంది.

1890. సాల్ట్ లేక్ టెంపుల్ లోపల గోడల మీద బొమ్మలు వెయ్యాలి, చేతనైనవాళ్ళు కావాలి, చర్చి తన ఖర్చుతో కొందరు చిత్రకారుల్ని పారిస్ పంపింది. మత ప్రచారానికి కాదు, బొమ్మలు నేర్చుకోవడానికి. వెళ్ళి చేరింది అకాడమీ జూలియన్‌లో, అక్కడ చదువంటేనే నగ్నంగా నిలబడ్డ మోడల్‌ని చూసి గియ్యడం. వాళ్ళు తిరిగొచ్చి గుడి లోపల గోడలకి రంగులేశారు, 1893లో గుడి తెరిచారు. అంతకు చాలా ముందే, 1862లో, ఇంకా రైలే రాని ఊళ్ళో అప్పటి చర్చి అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ పెద్ద నాటకశాల కట్టించాడు. అమెరికాలో నట్‌క్రాకర్ బ్యాలే మొదటిసారి పూర్తిగా వేసింది 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో, దాన్ని కూర్చిన విల్లమ్ క్రిస్టెన్సెన్ యూటాలోని బ్రిగమ్ సిటీలో మార్మన్ కుటుంబంలో పుట్టినవాడు.

ఇక 1997. ఫ్రెంచ్ శిల్పి రోడిన్ శిల్పాల ప్రదర్శన ఊళ్ళు తిరుగుతూ బీవైయూ మ్యూజియంకి వచ్చింది. ముద్దాడుకునే నగ్న జంట శిల్పం "ది కిస్"తో కలిపి నాలుగు శిల్పాలు బయట పెట్టలేదు. విద్యార్థులే గొడవ చేశారు, అయినా పెట్టలేదు.

సిస్టర్‌గారు చెప్పింది నిజం, ఈ సంఘానికి కళంటే ద్వేషం లేదు. కానీ ఎడారిలో పొట్ట చేతపట్టుకుని ఉన్నప్పుడు లేని భయం, డబ్బూ పరువూ వచ్చాక వచ్చింది. నాకు కనిపించే కారణం అది. అప్పుడు గీసేవాళ్ళు కావాలి, ఇప్పుడు చూసేవాళ్ళని కాపాడాలి.

ఇంకో సంగతి. కోరిక ఎక్కడికీ పోదు. యూటాలో క్లీన్‌ఫ్లిక్స్ అని ఒక కంపెనీ సినిమాల్లో "అలాంటివి" కత్తిరించి అద్దెకిచ్చేది, 2006లో ఫెడరల్ జడ్జి కాపీరైట్ కింద ఆపించాడు. తర్వాత ప్రొవోలో విడ్‌యాంజెల్ అలాంటిదే మొదలుపెట్టింది, స్టూడియోలు కేసు వేస్తే 2019లో జ్యూరీ 6.24 కోట్ల డాలర్ల నష్టపరిహారం విధించింది. అదే ఆర్ రేటింగ్ సినిమా చూడాలనే ఆశ అంత ఉండబట్టే కదా ఈ వ్యాపారం అంతదూరం వెళ్ళింది.

ఉప్పుసరస్సు:

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, థాంక్స్. చార్మినార్ గారు చెప్పింది, అదే మనసు ముందుకి పరిగెత్తడం, మా వాణ్ణి అడిగాను. కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు అలాగే ఉండేదన్నాడు, ఇప్పుడు లేదట. నేను వెజిటేరియన్‌ని కాబట్టి నన్నే చూపించాడు. "నువ్వు మెనూలో చికెన్ పేజీ తిప్పేసేటప్పుడు ఏడుస్తావా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

చార్మినార్_చాయ్:

చెప్పొచ్చు. మీరు బిర్యానీ మీద రివ్యూలు రాయరు కదా. మీవాడు సినిమా అంటే ప్రాణం పెట్టేవాడు. తనకి ప్రాణమైనదాంట్లోనే చాలా పేజీలు చదవకుండా తిప్పేస్తున్నాడు.

సికింద్రాబాద్_సిస్టర్:

అన్నా, సినిమా అంటే ప్రాణం పెట్టే మీరు హారర్ చూస్తారా? చూడరనుకుంటున్నా. అందరం ఏదో ఒకటి తిప్పేస్తాం, మాది మాత్రం రాసిపెట్టి ఉంటుంది. 2022లో వచ్చిన మా యూత్ పుస్తకం చూడండి, లిస్టులు చాలావరకు తీసేశారు, నీకే ఆలోచించుకోమన్నారు. మీరు ఉన్నప్పుడు అలా ఉంటే మీ అనుభవం వేరుగా ఉండేదేమో.

చార్మినార్_చాయ్:

హారర్ చూస్తాను :) కానీ ఆ మాట పర్లేదు. లిస్టు తీసేస్తే తలలో ఉన్న లిస్టు పోతుందా అన్నది మీ పిల్లల తరంలో తెలుస్తుంది. ఉప్పుసరస్సు గారూ, చివరికి ప్లాన్ ఏమైంది?

ఉప్పుసరస్సు:

శనివారం ఇద్దరం కలిసి ఒక డాక్యుమెంటరీ, తర్వాత ఒక షార్ట్ ఫిల్మ్స్ ప్రోగ్రామ్. షార్ట్స్ అంటే ఏది ఎలా ఉంటుందో ముందే తెలియదు, ఆ రిస్క్ తీసుకుంటానని తనే అన్నాడు. అవసరమైతే మధ్యలో లేచి వెళ్తాడట, అందుకే చివరి సీటు కావాలంటున్నాడు. ఆదివారం నేనొక్కణ్ణే వెళ్తాను, తను కొట్టేసిన సినిమాల్లోంచే రెండు. సోమవారం వాటి కథ మొత్తం చెప్పమన్నాడు, ఏ సీన్ ఎలా తీశారో కూడా.

చార్మినార్_చాయ్:

చూశారా. ఇది మిస్సవ్వడం కాకపోతే మరేంటి.

సికింద్రాబాద్_సిస్టర్:

కథ వినకూడదని మాకెక్కడా లేదు. ఉప్పుసరస్సు గారూ, బాగా చెప్పండి, మీరు సరిగా చెప్పకపోతే మాత్రం నిజంగానే మిస్సవుతాడు.