బైకు ఎంచుకునేటప్పుడు ట్యాంకు పరిమాణాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి?

రెండు బైకుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. దూర ప్రయాణాలు చేసేవారు దయచేసి సలహా ఇవ్వండి.

మొదటి బైకుకు 11 లీటర్ల ట్యాంకు, మైలేజీ లీటరుకు సుమారు 40 కిలోమీటర్లు. రెండోదానికి 17 లీటర్లు, మైలేజీ 30. రిజర్వు కోసం రెండేసి లీటర్లు పక్కన పెట్టి లెక్కేస్తే మొదటిది 360, రెండోది 450 కిలోమీటర్లు వెళ్తాయి.

ఈ లెక్క హైవే మీద నిలుస్తుందా అన్నదే నా అనుమానం. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దానికి లగేజీ, వెనక మనిషి, ఎదురుగాలి తోడైతే ఆ 360 ఎంతకు దిగుతుంది? ఇంధనం ముల్లును నమ్ముదామంటే, సగం వరకు తాపీగా దిగి ఆపైన గబగబా పడిపోయే బండ్లే నాకు ఎక్కువగా తగిలాయి.

పెద్ద ట్యాంకుతోనూ ఇబ్బంది ఉంది. అదనపు ఆరు లీటర్ల పెట్రోలు దాదాపు నాలుగున్నర కిలోలు, అదీ బండి పైభాగంలో. నేను పొట్టి. ట్యాంకు నిండా ఉన్న బండిని పార్కింగులో వెనక్కి నెట్టాలంటే మునివేళ్ల మీద నిలబడాల్సిందే.

రెండు గంటలకోసారి నడుమే దిగమంటుంది, అప్పుడే పెట్రోలు పోయించుకోవచ్చు కదా అని ఒక మిత్రుడి వాదన. బంకులు దూరదూరంగా ఉండే దారుల్లోనూ ఇది చెల్లుతుందా? చిన్న ట్యాంకు బండితో అలాంటి చోట్ల తిరిగినవారు విడిగా డబ్బాలో పెట్రోలు మోసుకెళ్తారా?