ఫారం కింది బటన్ మీద ‘పంపు’ అనాలా, ‘పంపండి’ అనాలా?

గ్రూపులో అందరికీ నమస్కారం. నేను శుభలేఖలు డిజైన్ చేస్తుంటాను, తెలుగు అక్షరాలతో లోగోలు కూడా. చేసినవన్నీ ఫోన్ గ్యాలరీలోనే పడి ఉంటున్నాయి, ఎవరు శాంపిల్స్ అడిగినా వాట్సాప్‌లో వరసపెట్టి ఫొటోలు పంపడమే. అందుకని సొంతంగా ఒక చిన్న పోర్ట్‌ఫోలియో సైట్ పెట్టుకుందామని హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ నేర్చుకుంటున్నాను. ముందు కాగితం మీద గీసుకున్నాను: పైన మెనూ, మధ్యలో చేసిన పనుల ఫొటోలు, అడుగున ఒక ఫారం. కోడ్‌తో ఎలాగో తంటాలు పడుతున్నాను గానీ మాటల దగ్గరే టెన్షన్. ఫారంలో ‘మీ పేరు రాయండి’, ‘పెళ్లి తేదీ రాయండి’ అని ఉంది. బటన్ మీద ‘పంపు’ అని పెడితే మా అమ్మ చూసి “వచ్చినవాళ్లని నువ్వు అంటావేంటే” అంది. ‘పంపండి’ అని మారిస్తే నాకే ఏదోలా ఉంది. ఏది సరి? అలాగే మెనూలో ‘పోర్ట్‌ఫోలియో’ బదులు ఏ మాట పెట్టాలి?

*

మీ అమ్మగారు అన్నదాన్ని తీసిపారేయలేం. కానీ ఒకటి గమనించండి, ఆ ఫారంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. ‘మీ పేరు రాయండి’ అన్నది మీరు వచ్చినవాళ్లతో అనే మాట. అక్కడ ‘అండి’ ఉండాల్సిందే. బటన్ నొక్కేటప్పుడు మాట వాళ్లది. ‘రాయడం అయింది, ఇక పంపు’ అని వాళ్లు కంప్యూటర్‌కి చెప్తున్నారు. కంప్యూటర్‌ని ‘పంపండి’ అని బతిమాలే పని లేదు కదా. మీకు ‘ఏదోలా’ అనిపించింది అందుకే.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మన నిఘంటువుల్లో క్రియలు ‘పంపు’, ‘వెతుకు’, ‘చేయు’ అనే రూపంలో ఉంటాయి. పంపు, వెతుకు లాంటి వాటిలో ఆ రూపమూ, ‘నువ్వు’తో వచ్చే ఆజ్ఞా ఒకటే. కాబట్టి చదివేవాళ్లు దాన్ని ఆ పనికి పేరుగా తీసుకోవచ్చు, ఎవరినీ ఏకవచనంలో పిలిచినట్టు ఉండదు. చిక్కంతా ‘చేయు’తోనే. ‘సేవ్ చేయు’ నిఘంటువు రూపం, ‘సేవ్ చేయి’ ఆజ్ఞ, ‘సేవ్ చేయండి’ మర్యాద. తెలుగులో పెట్టుకున్న ఫోన్లలో ఇవి కలగాపులగంగా కనిపిస్తాయి. అనువాదం చేసినవాళ్లు మాట ఎవరిదో ముందే తేల్చుకోకపోతే అలాగే అవుతుంది.

నా ఓటు ‘పంపు’కే. వీలైతే ‘వివరాలు పంపు’ అనండి. ఒంటరిగా ‘పంపు’ అని ఉంటే నీళ్ల పంపు గుర్తొచ్చేవాళ్లూ ఉంటారు.

*

మాస్టారూ, వ్యాకరణం ప్రకారం మీరన్నది నిజమే. కానీ శుభలేఖ కోసం సైట్‌లోకి వచ్చేది ఎవరు? ఎక్కువగా పెళ్లివారింటి పెద్దలు. ‘రాయండి, రాయండి, రాయండి’ అని చదువుకుంటూ కిందికొచ్చిన మనిషికి చివర్లో ‘పంపు’ అని కనిపిస్తే, ఇప్పుడు మాట్లాడేది నేనే అని సర్దుకుంటారా? ఇంతసేపు మర్యాదగా అడిగి చివరికి పని చెప్పినట్టు ఉంటుంది. కార్డు మీద ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అని రాసే డిజైనర్ సైట్‌లో ఆ ఒక్క మాట దగ్గర పిసినారితనం దేనికి? నా లెక్కలో అన్నిచోట్లా ‘అండి’. ఒకటే పద్ధతి.

*

మా దిక్కు ‘పంపుండ్రి’ అంటం. అది పెడితే ఇద్దరికీ గొడవ ఉండది :)

*

‘పోర్ట్‌ఫోలియో’ సంగతి నేను చెప్తాను. ఇటాలియన్‌లో ‘పోర్టాఫోలియో’ అంటే కాగితాలు మోసే సంచీ. చిత్రకారులు బొమ్మలు చంకన పెట్టుకుని చూపించడానికి తీసుకెళ్లే అట్టల ఫైలుకి ఆ పేరు వచ్చింది. మంత్రులకు శాఖలు ఇచ్చినా అదే మాట, షేర్ల పేజీలోనూ అదే. తెలుగు పేపర్లలో మంత్రుల విషయంలో ‘శాఖల కేటాయింపు’ అని హాయిగా రాసేస్తారు, షేర్ల దగ్గర ‘పోర్ట్‌ఫోలియో’నే ఉంచుతారు. అన్నిటికీ సరిపోయే ఒక్క తెలుగు మాట కోసం వెతికితే దొరకదు, అక్కర్లేదు కూడా. ‘నా పనులు’ అని మాత్రం పెట్టకండి, కరెంటు బిల్లు కట్టడం, గ్యాస్ బుక్ చేయడం లాగా వినిపిస్తుంది. ‘నా పనితనం’ అంటే సొంత డబ్బా. మీరు చేసేది శుభలేఖలూ లోగోలూ అయినప్పుడు మెనూలో ‘శుభలేఖలు’, ‘లోగోలు’ అని రెండు మాటలు పెట్టేస్తే సరిపోతుంది. వచ్చినవాళ్లు వెతికేదీ వాటినే. ‘హోమ్’కి ‘ముంగిలి’ అని పెట్టమనేవాళ్లు ఇక్కడ తప్పకుండా వస్తారు. మాట అందంగానే ఉంటుంది గానీ మీ లోగో మీద నొక్కితే మొదటి పేజీకి వెళ్లేలా చేస్తే మెనూలో ఆ గది అసలు అవసరం లేదు.

*

మాటతో పాటు అది తెర మీద ఎలా పడుతుందో కూడా చూసుకోండి అక్కా, నేను రోజూ చేసేది ఈ పనే. ‘వెబ్‌సైట్’, ‘పోర్ట్‌ఫోలియో’ లాంటివి మామూలుగా టైప్ చేస్తే ‘వెబ్సైట్’, ‘పోర్ట్ఫోలియో’ అని వత్తులు పడతాయి. పొల్లు పొల్లుగానే ఉండాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం పడాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసే లేఖిని సైట్‌లో అయితే పైబాణం గుర్తు (^) కొడితే వస్తుంది. వేరేచోట నుంచి కాపీ చేసినప్పుడు అది జారిపోవచ్చు, అందుకే పెట్టాక ఒకసారి బ్రౌజర్‌లో చూసుకోండి.

ఇంగ్లీషు పాఠాల్లోని బటన్ కోడ్‌ని అలాగే దించితే ఇంకో గొడవ. వాటిలో లైన్ హైట్ (వరస ఎత్తు) 1, ఎత్తు ఇన్ని పిక్సెల్స్ అని బిగించి ఉంటే ‘సంప్రదించండి’ అని రాయగానే ప్ర కింద క్రావడి తోక కత్తిరించినట్టు పోవచ్చు. వెడల్పు కూడా బిగించి ఉంటే ‘అండి’ రెండో లైన్లో పడుతుంది, మర్యాద కాస్తా కింద వేలాడుతూ ఉంటుంది. వెడల్పూ ఎత్తూ తీసేసి మాట చుట్టూ ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇవ్వండి, బటన్ మాటని బట్టి సాగుతుంది. పేరాలకు లైన్ హైట్ 1.7 దాకా ఉంటే పై వరస వత్తూ కింది వరస గుడీ కొట్టుకోవు. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) జోలికి వెళ్లకండి. ఇటాలిక్ కూడా వద్దు, మన ఫాంట్లలో ఎక్కువ వాటికి ఇటాలిక్ రూపమే లేదు, బ్రౌజర్ ఊరికే పక్కకు వంచుతుంది. మండలి ఫాంట్ చదవడానికి బాగుంటుంది గానీ దానికి ఒకటే మందం, బోల్డ్ చేస్తే అలుక్కుపోయినట్టు ఉంటుంది. శీర్షికకి రామభద్ర పెట్టుకోవచ్చు. ఒకే ఫాంట్‌లో పలచనవీ మందమైనవీ కావాలంటే నోటో సాన్స్ తెలుగు. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. కోడ్ రాసే ఎడిటర్ తయారుచేసి ఇచ్చే ఖాళీ పేజీలో పై వరసలో భాష ‘ఈఎన్’ (en, అంటే ఇంగ్లీషు) అని ఉంటుంది, దాన్ని ‘టీఈ’ (te, అంటే తెలుగు) చేయండి. కళ్లు కనిపించనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్ని చూసే తెలుసుకుంటుంది.

*

‘అండి’ అన్నిచోట్లా పెట్టమన్నవారికి: మీ మాటలో న్యాయం ఉంది. పెద్దలకు గుచ్చుకుంటుందంటే నేను పట్టుబట్టను. కానీ అప్పుడు ‘మర్యాద ఎక్కువ, స్పష్టత తక్కువ’ కాకుండా చూడాలి. ‘పంపండి’ ఒక్కటే ఉంటే ఏం పంపాలి, ఇంకేమైనా ఫొటో జత చేయాలా అని ఆగిపోతారు. మధ్యేమార్గం ఒకటుంది. ‘సంప్రదించండి’ పేజీకి ‘మాట్లాడుకుందాం’ అని పేరు పెట్టండి. ఆ ‘దాం’లో మీరూ వాళ్లూ ఇద్దరూ ఉన్నారు, నువ్వా మీరా అన్న పేచీ రాదు. ఇంగ్లీషు డిజైనర్ల సైట్లలో ఇలాంటి మాట అరిగిపోయిందని మీకు తెలిసే ఉంటుంది, తెలుగులో ఇంకా అంత అరగలేదు.

*

అందరికీ థ్యాంక్స్. మెనూలో శుభలేఖలు, లోగోలు, మాట్లాడుకుందాం. ఫారంలో ‘వివరాలు పంపు’ అనే ఉంచుతున్నాను, అమ్మకి నేను చెప్పుకుంటాను. ఒక్క డౌటు. ప్రతి కార్డు ఫొటో కింద చిన్న బటన్ ఉంది, నొక్కితే వాట్సాప్ తెరుచుకుంటుంది. దాని మీద ‘ధర కనుక్కోండి’ అని రాయనా, ‘ధర ఎంత?’ అని రాయనా?

*

‘ధర ఎంత?’ అని రాయండి. అడిగేది వాళ్లే కదా. వాట్సాప్ తెరుచుకున్నప్పుడు మెసేజ్‌లో ఆ కార్డు నంబరు ముందే పడి ఉండేలా లింకు కట్టండి, ‘ఏ కార్డు అండీ?’ అని మీరు తిరిగి అడగక్కర్లేదు.