సాన్ ప్రజల ఫొటోల కోసం నమీబియా వెళ్తున్నా: ఎవరిని అడగాలి, డబ్బు ఎవరికివ్వాలి?

లెన్స్‌బాబు, విజయవాడ:
అందరికీ నమస్తే. వచ్చే ఆగస్టులో నేనూ మా తమ్ముడూ నమీబియా వెళ్తున్నాం. ఎతోషా వన్యప్రాణి పార్కు చూసుకుని త్సుమ్‌క్వే అనే ఊరి వైపు వెళ్లి సాన్ వాళ్ల (తరతరాలుగా వేటాడి బతికిన అక్కడి ఆదివాసుల) ఫొటోలు తీయాలని ఉంది. ఒక టూర్ ఆయన "తోలుబట్టల్లోనే ఉంటారు, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఇంకొకాయన "అదంతా వేషం, మామూలప్పుడు టీషర్టులే" అంటున్నాడు. ఎవరిని అడిగి తీయాలి? నా ఫొటోల వల్ల వాళ్లకి మేలు జరిగే దారేమైనా ఉందా?

విండ్‌హుక్ వదిన:
బాబూ, టీషర్టుల మాట నిజమే, కానీ అందులో మోసం లేదు. గ్రాస్‌హూక్ అనే ఊళ్లో జుహోవాన్సీలు (సాన్ వాళ్లలోనే ఒక తెగ) 2004 నుంచి లివింగ్ మ్యూజియం, అంటే తమ పాత జీవనాన్ని తామే చేసి చూపించే చోటు, నడుపుతున్నారు. పొద్దున మామూలు బట్టల్లో ఉన్నవాళ్లే తోలుబట్టలు కట్టుకొచ్చి నిప్పు పుట్టించడం, ఉచ్చులు పన్నడం చూపిస్తారు. అది వాళ్ల పని, వాళ్ల సంపాదన. కూచిపూడి కళాకారిణి నగలు పెట్టుకుని వేదికెక్కితే మోసమంటామా?

వెళ్లగానే కెమెరా తీయొద్దు. ఏమేం చూపిస్తారో, ఎంతవుతుందో అడిగి అక్కడివాళ్లకే కట్టండి, గైడ్ చేతిలో పెట్టి "వాళ్లకివ్వు" అనొద్దు. మధ్యాహ్నం ఇసుక మీద ఎండకి ఫొటోలో ముఖాలు చీకటిగా పడతాయి, ఎక్స్‌పోజర్ ముఖానికి చూసుకోండి.

నన్నడిగితే చేతులు తీయండి. నిప్పుకోడి గుడ్డు పెంకుని చిన్న ముక్కలు చేసి, పుల్లకి బిగించిన ఇనుపమొనని అరచేతుల మధ్య తిప్పుతూ ఒక్కోదానికీ బెజ్జం వేస్తారు. తర్వాత దారానికి గుచ్చి, అంచులు రాతికేసి అరగదీసి పూసలు గుండ్రంగా చేస్తారు. నేను చూసిన ముసలావిడ మనవరాలితో కబుర్లాడుతూనే ఉంది, చూపు మాత్రం పెంకు మీంచి తిప్పలేదు. బాణాలూ దగ్గరగా చూడండి. ఒక రకం పెంకుపురుగు లార్వాల విషం మొనకి కాదు, మొన వెనకాల పూస్తారు, పొరపాటున గీరుకున్నా ప్రాణం మీదికి రాకుండా.

పిల్లల్నీ, పాలిచ్చే తల్లుల్నీ వదిలేయండి. దక్షిణాఫ్రికా సాన్ నాయకులు 2017లో పరిశోధకుల కోసం రాసిన నియమావళిలో సరిగ్గా ఈ ఫిర్యాదే ఉంది: మా ఆచారాలు పట్టించుకోకుండా ఇలాంటి ఫొటోలు తీశారని. కెమెరా పట్టుకున్న మనకీ అది వర్తిస్తుంది.

గాబొరోన్ శ్రీను:
వదినగారికి వంద మార్కులు. నాదొక్కటే మనవి, "అంతరించిపోతున్న జాతి" అని క్యాప్షన్ పెట్టకండి. వాళ్లు ఉన్నారు. నేల, నీళ్లు, వేట వాళ్ల దగ్గర్నుంచి లాక్కుంటున్నారు. ఇక్కడ బోట్స్వానాలో సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వ్ అనే అభయారణ్యం 1961లో ఏర్పడింది. అందులోని సాన్ కుటుంబాల్ని 1997లో, మళ్లీ 2002లో బయటికి తరలించారు. వాళ్ల ఇష్టం లేకుండానే తీసేశారని 2006 డిసెంబరులో హైకోర్టు చెప్పింది. గెలిచాక కూడా, సొంత బోరు నీళ్లు వాడుకునే హక్కు కోసం 2011 దాకా కోర్టుల చుట్టూ తిరిగారు. ఎడారిలో బోరు కోసం! నల్లమల చెంచుల్ని పులుల అడవి ఖాళీ చెయ్యమంటున్న సంగతి తెలిసిన మనకి ఇది అర్థం కావాలి. మీ ఫొటో కింద ఈ నాలుగు వాక్యాలు రాసినా చాలు.

లెన్స్‌బాబు:
థాంక్స్ వదినా, శ్రీను అన్నా. టూర్ ఆయన్ని వద్దనేశాం, సొంతంగా కారు తీసుకుంటాం. ఫొటోలు తీసినవాళ్లకి ప్రింట్లు పంపొచ్చా?

విండ్‌హుక్ వదిన:
తప్పకుండా. ఎవరి ఫొటో తీశారో వాళ్ల పేరు, ఊరు రాసుకోండి. ఆ పేరు నెట్‌లో పెట్టాలా వద్దా అనేది కూడా వాళ్లనే అడగండి. ప్రింట్లు ఎక్కడికి పంపితే చేరతాయో అక్కడుండగానే కనుక్కోండి. త్సుమ్‌క్వే చుట్టూ ఉన్న న్యేయ్ న్యేయ్ ప్రాంతం వాళ్లవైతే త్సుమ్‌క్వేలో ఉన్న కన్జర్వెన్సీ (తమ నేలలోని వన్యప్రాణుల్ని అక్కడివాళ్లే చూసుకునే సంఘం) ఆఫీసులో అడగొచ్చు. 1998లో పెట్టుకున్న కన్జర్వెన్సీ అది, నమీబియాలో అలాంటివాటిలో మొదటిది. విల్లంబులతో వేటాడే హక్కు అక్కడ ఇంకా ఉంది. అయినా 2009లో దక్షిణాన ఉన్న గామ్ అనే ఊరి వైపు నుంచి పశువుల కాపరులు కంచె తెంచి మందల్ని లోపలికి తోలారు. పక్కనున్న "నా జక్నా" అనే కన్జర్వెన్సీ వాళ్లు అక్రమంగా కంచెలు వేసినవాళ్ల మీద 2016లో కోర్టులో గెలిచారు. కాబట్టి వేటగాడి ఫొటోతో పాటు ఆ కంచెనీ తియ్యండి, జనం చూడాల్సింది అదీను. పూసలు కొంటే వాళ్ల దగ్గరే, బేరమాడకుండా కొనండి.

గ్రూట్‌ఫోంటెయిన్‌లోనే ట్యాంకు నింపుకోండి. ఆ తర్వాత మట్టిరోడ్డు, స్పేర్ టైర్లు రెండుంటే మంచిది.