క్రిక్ ఇన్‌స్టిట్యూట్ నడిమధ్యన అంత ఖాళీ ఎందుకు వదిలారు?

ప్రశ్న:
లండన్‌లో సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్ పక్కన 2016లో ప్రారంభమైన ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ అనే జీవవైద్య పరిశోధన సంస్థ ప్లాన్లను ఆర్కిటెక్చర్ ప్రాజెక్టు కోసం చదువుతున్నాను. సుమారు 1500 మంది పనిచేసేలా కట్టిన ఆ భవనంలో, గజం స్థలం కూడా బంగారమైన నగరంలో, నట్టనడుమ పైకప్పు దాకా ఖాళీ వదిలి ల్యాబులను నాలుగు భాగాలుగా చుట్టూ సర్దారు. దీనివల్ల పరిశోధనకు ఒరిగేది ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
నేను జీవశాస్త్ర పరిశోధకురాలిని. మిల్ హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థనూ, క్యాన్సర్ రిసెర్చ్ యూకే వారి లండన్ పరిశోధన సంస్థనూ కలిపి దీన్ని ఏర్పరచినప్పుడు, విభాగాలంటూ గోడలు కట్టకూడదని నిర్ణయించుకున్నారు. క్షయ మీద పనిచేసేవారికీ క్యాన్సర్ కణాలను చూసేవారికీ దారిలో మాట కలవాలంటే ఎదురుపడే చోటు ఉండాలి కదండీ. ఆ ఖాళీ, దాని మీది వంతెనలు అందుకే. పైగా, కొత్తగా బృందాన్ని నడిపేవారికి అక్కడ ఆరేళ్ల గడువిచ్చి, మరో ఆరేళ్లు మాత్రమే పొడిగిస్తారు. మనుషులు అలా మారుతూ ఉంటారు గనుక ల్యాబులను కూడా మార్చుకోవడానికి వీలుగా ఉంచారు.

జవాబు 2:
ఖాళీ కంటే నేల కింది భాగమే మీరు ముందు చూడవలసినదని నా అభిప్రాయం. భవనంలో దాదాపు మూడో వంతు భూమి లోపలే ఉంది. ప్రొటీన్‌ను క్షణంలో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసేటప్పుడు, పక్కన రైలు వెళ్లిన అదురుకే బొమ్మ అలుక్కుపోతుంది. విద్యుత్ రైళ్ల అయస్కాంత ప్రభావం ఎలక్ట్రాన్ల దారినే తప్పిస్తుంది. రైళ్ల పక్కన కట్టినందుకు అలాంటి పరికరాలను నేల కింద పెట్టే జాగ్రత్త తప్పలేదు. వంపు తిరిగిన పైకప్పు కూడా అలంకారం కాదు, గాలినీ వేడినీ అదుపు చేసే యంత్రాలన్నీ దాని చాటునే ఉన్నాయి. కాలిఫోర్నియాలో లూయీ కాన్ కట్టిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇదే అవసరానికి ప్రతి ల్యాబు అంతస్తు మీదా పైపుల కోసం ప్రత్యేకంగా ఒక అంతస్తు ఇచ్చారు. రెండు భవనాల సెక్షన్లనూ (నిలువుగా కోసినట్లు చూపే చిత్రాలనూ) పక్కపక్కన గీసి చూడండి.

జవాబు 3:
మొదటి జవాబు రాసిన మేడమ్‌గారితో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. ప్రారంభమైన మరుసటి ఏడాదే, తెరిచి ఉన్న చోట్ల శబ్దం వల్ల రాత పనిమీద దృష్టి నిలవడం లేదని అక్కడి శాస్త్రవేత్తలు కొందరు చెప్పినట్లు పత్రికల్లో వచ్చింది. మైక్రోస్కోపుకు నేల కింద నిశ్శబ్దం కల్పించినవారు, పరిశోధన పత్రం రాసుకునే మనిషికి కూడా తలుపు వేసుకోగల చిన్న గది ఇవ్వవలసింది. మీ డిజైన్‌లో ఆ గదులను ముందుగానే లెక్క వేసుకోండి.