పొట్టిగా ఉన్నవాళ్లు పెద్ద అంచు చీర కట్టొద్దా?

నల్లగొండ టీచరమ్మ:
నా ఎత్తు అయిదడుగులు. రోజూ బడికి చీరే కడతాను. ఏ దుకాణంలో కూర్చున్నా, గద్వాల చీర మీద చెయ్యి పడగానే "మీ ఎత్తుకు పెద్ద అంచు బాగుండదు మేడం" అని మడిచి పక్కన పెడతారు. చిన్న అంచుల కట్ట తెచ్చి ముందు పరుస్తారు. ఇంట్లో అత్తమ్మదీ అదే మాట. నాకిది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. కట్టు, జాకెట్, రంగు ఇవేవీ చూడకుండా అంచు వెడల్పు ఒక్కదానితో మనిషి ఏం కట్టాలో తేల్చేస్తారా? సూటిగా చెప్పండి.

పాలమూరు బట్టల కొట్టు:
అమ్మేవాళ్ల మాట కూడా వినండి మేడం. పెద్ద అంచు చీరకే ధర ఎక్కువ, అది అమ్మితేనే మాకు నాలుగు పైసలు మిగిలేది. అయినా వద్దంటున్నామంటే, ముచ్చటపడి కొనుక్కుపోయి, కట్టి చూసుకుని, మొహం చిన్నబుచ్చుకుని తిరిగి తెచ్చినవాళ్లను చూశాం కాబట్టే. లేతరంగు చీరకు ముదురెరుపు అంచు అడ్డంగా పడితే కంటికి మనిషి అక్కడికే తెగినట్టు కనబడుతుంది. పొడుగు మనిషికి చెల్లుతుంది, పొట్టి మనిషికి చెల్లదు.

నల్లగొండ టీచరమ్మ:
లెక్క వేద్దాం అన్నా. అంచు 8 అంగుళాలు అనుకోండి. నాకు నడుము నుంచి నేల దాకా 36 అంగుళాలు. మా స్టాఫ్‌లో పొడుగు మేడం ఒకరున్నారు, ఆవిడకు 41. అంటే నా మీద అంచు 22 శాతం, ఆవిడ మీద ఇంచుమించు 20 శాతం. ఈ కాస్త తేడాకే ఆవిడ కడితే హుందా, నేను కడితే పొట్టి ఎట్లయితుంది?

అసలు చిక్కు పైన ఉంది. చీర పన్నా దాదాపు 47 అంగుళాలు. నాకు కావలసింది 36 పోగా మిగిలిన 11 అంగుళాలు నడుము దగ్గరే దోపుకోవాలి. పై అంచు పట్టంతా అక్కడే మడతలు పడి నడుము లావుగా కనబడుతుంది. మనిషిని పొట్టి చేసేది అది. కింది అంచుకు పేరు పెడుతున్నాం.

మిర్యాలగూడ లేడీస్ టైలర్:
టీచరమ్మ మాట నిజం. నేను రోజూ టేపు పట్టి చూసేదే. పొట్టిగా ఉన్నవాళ్లు లావు నాడా లంగా మానేసి, నడుము దగ్గర పట్టీ వేసి పక్కన హుక్కు పెట్టించుకుంటే సగం ఉబ్బు తగ్గుతుంది. చీర ఒకేసారి గుప్పెడు దోపకుండా చుట్టూ సమంగా దోపండి. కొంగు కుచ్చిళ్లు నాలుగంగుళాలకు మించొద్దు, అప్పుడు భుజం మీద అంచు సన్నగా నిలువుగా పడుతుంది. జాకెట్ చేతులు మోచేతికి పైనే ఆపించండి.

కుర్తాలకూ ఇదే పద్ధతి. సరిగ్గా పిక్క లావుగా ఉన్నచోట ఆగే కుర్తా ఎవరికీ మేలు చేయదు. మోకాలికి పైన ఆపి కింద సన్న ప్యాంటు వేయండి, లేదా చీలమండ దాకా దించేయండి. మనిషిని సరిగ్గా సగానికి కోసే గీత పడకుండా చూసుకుంటే చాలు, ఎత్తు ఎంతైనా ఫరవాలేదు.

గద్వాల ఆడపడుచు:
అక్కా, మా ఇంట్లో మగ్గం ఉంది. గద్వాల చీరకు ఒళ్లు కాటన్, అంచు, కొంగు పట్టు. రెంటినీ పోగు పోగు మెలేసి కలుపుతారు. కింద పట్టు బరువు ఉంటుంది కాబట్టి కుచ్చిళ్లు ఉబ్బకుండా నిలువుగా జారుతాయి. ఆ నిలువు గీతలే మనిషిని పొడుగ్గా చూపిస్తాయి. గంజి మాత్రం ఎక్కువ పెట్టకండి, కాటన్ బిర్రబిగుసుకుంటే ఆ జారుడు పోతుంది. కొట్టు అన్న చెప్పింది ముదురెరుపు అంచు సంగతి. ఒళ్లూ అంచూ ఒకే రంగులో ఉన్న గద్వాల కూడా నేస్తారు కదా, అవెందుకు చూపించరు?

నారాయణపేట పెద్దమ్మ:
బిడ్డా, లెక్కలన్నీ బాగానే ఉన్నయి. కానీ రోజూ బస్సెక్కి, రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషికి ఒంటి మీద బట్ట తేలిగ్గా ఉండాలె. మా నారాయణపేట గళ్ల చీర చూడు, చిన్నంచు, ఉతికి ఆరేస్తే తెల్లారి కట్టుకోవచ్చు. ఎండాకాలం నల్లగొండలో పట్టంచు మోసుకుని తిరుగుతవా? పెద్దంచు పెండ్లికి, చిన్నంచు పనికి. ఇది ఎత్తు ముచ్చట కానే కాదు.

నల్లగొండ టీచరమ్మ:
పెద్దమ్మా, పని సంగతి మీరన్నట్టే ఒప్పుకుంటాను. మే నెలలో నేనూ నారాయణపేటే కడతాను. కానీ "బరువు, వద్దు" అంటే అది నా సుఖం చూసి చెప్పిన మాట. "నీ ఎత్తుకు వద్దు" అంటే నా ఒంటికి పెట్టిన వంక. దుకాణాల్లో నాకు వినబడేది ఈ రెండోదే. చిన్నప్పటి నుంచి పొట్టి పొట్టి అని విన్న ఆడపిల్ల అది విని నచ్చిన చీర వదిలేసి వస్తుంది. ఆ బాధ నాకు తెలుసు.

పాలమూరు బట్టల కొట్టు:
ముదురు అంచు మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను మేడం. కానీ చెల్లె అడిగింది న్యాయమే. ఒకే రంగు అంచువి మా దగ్గరున్నాయి, అడిగినవాళ్లకే తీస్తున్నాం. ఇకమీదట ఎత్తు చూసి కట్ట మార్చను. రెండూ పరుస్తాం, భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోమంటాం.

నల్లగొండ టీచరమ్మ:
భుజం మీద ఒక్కటే కాదన్నా, నడుము దగ్గర దోపి కుచ్చిళ్లు పెట్టి చూసుకోనివ్వండి. తేడా తెలిసేది అక్కడే.