జర్మనీలో ఎంఎస్: కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టే ముందు ఏం తేల్చుకోవాలి?

వరంగల్_మెక్:
జేఎన్‌టీయూహెచ్ మెకానికల్, సీజీపీఏ 7.5, ఉన్న రెండు బ్యాక్‌లాగ్‌లూ క్లియర్. వచ్చే ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి జర్మనీ వెళ్దామని ఉంది. ఇంట్లో 6 లక్షలు సర్దుతారు, మిగతాది లోన్. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "సీటు గ్యారంటీ, ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టాలి" అంటున్నారు. ముందు ఏ పని మొదలుపెట్టాలి?

బోల్టు_నట్టు:
గ్యారంటీ సీటంటే దాదాపుగా ప్రైవేటు యూనివర్సిటీయే. విద్యార్థిని పంపినందుకు కమీషన్ ఇచ్చేది అవే కదా! ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటిలో ట్యూషన్ ఫీజే లేదు, సెమిస్టర్ చందా మాత్రం కట్టాలి. మినహాయింపులు గుర్తుపెట్టుకోండి: బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన వాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ నుంచి ఫీజు పెట్టింది.

జర్మన్ స్కేలులో మీ గ్రేడు మీరే లెక్కేసుకోండి, అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మేలు. 10లోంచి 7.5 తీసేస్తే 2.5. 10లోంచి పాస్ గ్రేడు 5 తీసేస్తే 5. మొదటిదాన్ని రెండోదాంతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. వచ్చేది 2.5. చాలా కోర్సులు గీత గీసేది సరిగ్గా అక్కడే. పాస్ గ్రేడు 4 అని వేసి 2.25 చూపించే కన్సల్టెన్సీలుంటాయి, నమ్మొద్దు. గ్రేడు సరిపోయినా సిలబస్ కలవక తిరస్కరించేవే ఎక్కువ. కోర్సు మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (సబ్జెక్టుల వివరాల పుస్తకం) తెరిచి మ్యాథ్స్, థర్మో, మెకానిక్స్‌కి ఎన్ని క్రెడిట్లు అడుగుతున్నారో మీ మెమోలతో పోల్చుకోండి.

మన డిగ్రీ కాగితాలు అసలువేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే పెట్టేయండి. ఫీజు 18,000. అది లేకుండా వీసా ఫైలు ముందుకెళ్లదు. చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూనీ-అసిస్ట్‌లో మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. వాళ్ల పరిశీలనకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జూలై 15 గడువని జూలై 10న పెడితే, ఏదైనా కాగితం తక్కువైనప్పుడు సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. పైగా చాలా కోర్సులకు మన వాళ్ల గడువు మార్చి, మే నెలల్లోనే అయిపోతుంది.

లింకుడాక్యుమెంట్:
తమ్ముడూ, డబ్బు సంగతి అంతకంటే ముందు. అక్కడి ఖర్చులకు డబ్బుందని వీసాకి చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ప్రస్తుతం 11,904 యూరోలు ఒకేసారి వేయాలి. యూరో వంద రూపాయలనుకున్నా 12 లక్షలు. అది నీ డబ్బే, నెలకు 992 చొప్పున వస్తుంది. కాకపోతే అక్కడ అడ్రస్ నమోదై, బ్యాంకు ఖాతా తెరిచాకే చేతికందుతుంది. గది డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. అందుకని విడిగా 1,500 నుంచి 2,000 యూరోలు ఉంచుకోవాలి. టికెట్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే 15 లక్షల లోపు తెమలదు.

హామీగా పొలం పెడతామంటే చాలా బ్యాంకులు తీసుకోవు. గ్రామకంఠంలో ఇల్లుండి లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు) లేకపోతే లీగల్ ఒపీనియన్ దగ్గరే ఫైలు ఆగుతుంది. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి, అడ్మిషన్ రాకముందే బ్యాంకులో అడుగు. ప్రభుత్వమిచ్చే ఓవర్సీస్ విద్యానిధి స్కాలర్‌షిప్‌కి అర్హత ఉంటే తప్పక పెట్టు, కానీ ఆ డబ్బు వచ్చేది వెళ్లాకే. బ్లాక్డ్ అకౌంట్ లెక్కలో దాన్ని కలపకు.

గోదారి_గట్టు:
పాస్‌పోర్టులో పేరు చూసుకున్నారా? ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందుండి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండటం మన దగ్గర మామూలే. ఐఈఎల్‌టీఎస్, ఏపీఎస్ రెండూ పాస్‌పోర్టునే చూస్తాయి కాబట్టి ముందు దాన్ని సరిచేయించండి. తర్వాత మార్చాలంటే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

వరంగల్_మెక్:
థాంక్స్ అన్నా. సర్‌నేమ్ గడి ఖాళీయే. పార్ట్‌టైమ్‌తో లోన్ వడ్డీ కట్టుకోవచ్చు అంటున్నారు, నిజమేనా?

బోల్టు_నట్టు:
ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. జర్మన్ రాకపోతే గోదాములు, డెలివరీలే ఎక్కువ దొరుకుతాయి. వచ్చేది తిండికి, అద్దెకు సాయపడుతుంది, వడ్డీకి లెక్కేసుకోవద్దు. మెకానికల్‌లో ఇంటర్న్‌షిప్ కావాలంటే జర్మన్ బీ1 స్థాయి దాకా చదవండి, ఇక్కడుండగానే మొదలుపెట్టండి. ఇంకొకటి: వీసా తిరస్కరిస్తే అప్పీలు రాసుకునే పద్ధతిని 2025 జూలైలో ఎత్తేశారు. మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి, లేదా బెర్లిన్ కోర్టుకెళ్లాలి. వీసా ఫైల్లో ఎస్‌వోపీ (ఈ కోర్సు ఎందుకో మీరు రాసే వివరణ), లోన్ కాగితాలు పొంతన లేకుండా పెట్టొద్దు.